"మాట్లాడితే తగ్గుతుందా?": పానిక్ అటాక్‌లతో వచ్చిన ఒకాయన తొలి సెషన్లు

ముందుగా ఒక మాట. ఈ కేసులో కనిపించే వ్యక్తి ఏ ఒక్కరూ కాదు. పానిక్ అటాక్‌లతో, అంటే ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచెత్తే ఇబ్బందితో, థెరపీకి వచ్చిన కొందరి అనుభవాలను కలిపి, గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చి రాశాను. సైకోథెరపీ మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకూ, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకూ తొలి వారాల్లో నిజంగా ఏం జరుగుతుందో చూపించాలన్నది నా ఉద్దేశం. మామూలుగా కేస్ రిపోర్టుల్లో ఈ భాగం రెండు లైన్లలో అయిపోతుంది: "అసెస్‌మెంట్ చేశాం, చికిత్స గురించి వివరించాం, క్లయింట్ అంగీకరించారు." థెరపీని మధ్యలో వదిలేసేవాళ్ళలో చాలామంది ఆ రెండు లైన్లు దాటకుండానే వెళ్ళిపోతారు. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తాను.

వచ్చిన ఇబ్బంది

ఆయన వయసు 38. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం, పెళ్ళయింది, ఒక పాప. కొన్ని నెలలుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడటం, ఛాతీ బిగుసుకుపోవడం, వేళ్ళలో తిమ్మిర్లు, కళ్ళు తిరిగినట్టుండటం, "అయిపోయింది, ఇప్పుడే పోతాను" అన్న భయం. ఇలా వచ్చినప్పుడు మూడుసార్లు ఎమర్జెన్సీకి పరుగెత్తారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు అన్నీ నార్మల్. చివరికి గుండె డాక్టర్ "మీ గుండెకు ఏ ఇబ్బందీ లేదు, ఇది పానిక్, సైకాలజిస్టును కలవండి" అని రాసిచ్చారు. అవసరమైనప్పుడు వేసుకోమని బెంజోడయాజెపైన్ రకం మాత్ర, అంటే ఆందోళనను త్వరగా తగ్గించేది, కూడా ఇచ్చారు. ఆ చీటీ రెండు నెలలు ఆయన జేబులోనే ఉండిపోయింది. భార్య పట్టుబట్టాక వచ్చారు.

వైద్య పరీక్షలు ముందే అయి ఉండటం మంచిదైంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గుండె లయలో తేడాలు, కొన్ని మందులు, కాఫీ లాంటివి మోతాదు మించడం, మద్యం ఒక్కసారిగా మానేయడం కూడా ఇలాంటి లక్షణాలనే తెస్తాయి. ఇదే ఇబ్బందితో నేరుగా నా దగ్గరికి వచ్చినవాళ్ళను నేను ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపుతాను. ఒంట్లో ఏముందో తేలకుండా మనసు గురించి మాట్లాడటం ప్రమాదం.

మొదటి సెషన్

లోపలికి రాగానే తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ చూసుకున్నారు. "మేడమ్, తలుపు కొంచెం తీసి ఉంచొచ్చా?" అని అడిగారు. తీసి ఉంచితే బయట కూర్చున్నవాళ్ళకు మన మాటలు వినపడే అవకాశం ఉందని చెప్పాను. కాసేపు ఆలోచించి, మూసే ఉంచుదాం కానీ గడియ పెట్టొద్దన్నారు. అలాగే చేశాం. ఎందుకని అడగలేదు. కానీ అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయమని అప్పుడే అనిపించింది.

కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఇబ్బంది ఏమిటి?" అని అడగకముందే ఇంకో ప్రశ్న అడుగుతాను: "ఇక్కడ ఏం జరుగుతుందని అనుకుని వచ్చారు?" చూడటానికి చిన్న ప్రశ్న. అయితే దానికొచ్చే జవాబును బట్టే ఆ తర్వాతి వారాలన్నీ నడుస్తాయి.

ఆయన జవాబు ఇది: "నిజం చెప్పమంటారా? చిన్నప్పటి విషయాలు అడుగుతారు. నేను చెప్తాను. చివర్లో టెన్షన్ పెట్టుకోకండి, ధ్యానం చెయ్యండి అంటారు. మాట్లాడితే తగ్గుతుందా మేడమ్? నాకు మనసులో బాధేమీ లేదు. ఒంట్లోనే ఏదో ఉంది."

ఇందులో ఆయన నాలుగు సంగతులు చెప్పేశారు. ఇక్కడ గతాన్ని తవ్వుతారని భయం ఉంది. దొరికేది సలహానే అని నమ్మకం ఉంది. ఆ సలహా పనిచేయదని ముందే నిరాశ ఉంది. తన బాధను ఎవరూ నిజమని ఒప్పుకోవడం లేదన్న కోపం కూడా ఉంది. ఈ నాలుగింటినీ అలాగే వదిలేసి లక్షణాల జాబితా రాసుకుంటూ కూర్చుంటే, ఆయన మర్యాదగా జవాబులు చెప్పి, మర్యాదగా ఫీజు కట్టి, మళ్ళీ వచ్చేవారు కాదు.

అందుకే ఒక్కొక్కటిగా మాట్లాడాను. "దడ నిజం, తిమ్మిరి నిజం. మీరు ఊహించుకుంటున్నారని నేను అనను. ఒంట్లో జరిగేదే, అది ఎందుకు జరుగుతోందో కలిసి చూద్దాం" అన్నాను. చిన్నతనం గురించి ఈ ఇబ్బందికి అవసరమైనంత వరకే అడుగుతాననీ, ఏ ప్రశ్నకైనా "ఇప్పుడు వద్దు" అనే హక్కు ఆయనకు ఉందనీ చెప్పాను. ఇక మాట్లాడితే తగ్గుతుందా అన్న ప్రశ్నకు: "ఉత్తి మాటలైతే తగ్గకపోవచ్చు. ఈ ఇబ్బందికి మాట్లాడటంతో పాటు చేసి చూడాల్సినవి ఉంటాయి. కొన్ని ఈ గదిలో, కొన్ని బయట. ప్రతిదాన్నీ ఎందుకు చేస్తున్నామో ముందు చెప్తాను. మీకు సబబనిపిస్తేనే చేద్దాం."

"గ్యారంటీ ఇస్తారా?" అన్నారు. ఇవ్వలేనన్నాను. గ్యారంటీ ఇచ్చే థెరపిస్టును నేనైతే నమ్మను. ఇవ్వగలిగింది సమాచారమే కాబట్టి అదే ఇచ్చాను. పానిక్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ), అంటే ఆలోచనలనూ చేసే పనులనూ మార్చుకుంటూ సాగే థెరపీ, బాగా పరీక్షకు నిలిచిన చికిత్స. డిప్రెషన్‌కు కూడా వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు కూడా పనిచేస్తాయి. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, అవి కావాలంటే సైకియాట్రిస్టును కలవాలి. థెరపీ, మందులు, రెండూ కలిపి, ఈ మూడు దారులూ ఆయన ముందు పెట్టాను. ఎంత కాలం అన్నదానికి 1986లో అమెరికన్ సైకాలజిస్ట్ కెనెత్ హోవర్డ్ బృందం ప్రచురించిన విశ్లేషణ నాకు ఇప్పటికీ ఉపయోగపడుతుంది. రకరకాల ఇబ్బందులతో థెరపీకి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఎనిమిదో సెషన్‌కల్లా కొలవగలిగినంత మెరుగు కనిపించింది, 26 సెషన్లకు ఆ సంఖ్య 75 శాతానికి చేరింది. ఒక్క సెషన్‌తో తేలిపోదు, అలాగని ఏళ్ళ తరబడి సాగాల్సిన పనీ లేదు. వారానికి ఒకసారి, 50 నిమిషాలు, సుమారు 12 సెషన్లు, నాలుగో సెషన్ చివర ఇద్దరం కూర్చుని పని జరుగుతోందో లేదో చూసుకోవడం అని అనుకున్నాం.

ఇక గోప్యత. "ఇక్కడ మాట్లాడింది ఇక్కడే ఉంటుంది" అని ఒక్క ముక్కలో ముగించకూడదు, దానికి హద్దులున్నాయి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే, ఒక పిల్లనో పిల్లాణ్ణో ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే, కోర్టు ఆదేశిస్తే నేను మౌనంగా ఉండలేను. కచ్చితమైన నియమాలు ఎక్కడి చట్టాన్ని బట్టి అక్కడ ఉంటాయి, వాటిని థెరపిస్ట్ మొదటి రోజే చెప్పాలి. చికిత్స నాణ్యత కోసం పేరు చెప్పకుండా నా సూపర్‌వైజర్‌తో, అంటే నా పనిని పర్యవేక్షించే థెరపిస్టుతో, కేసు చర్చిస్తానని కూడా చెప్పాను. ఆయన వెంటనే అడిగింది ఆఫీసు గురించి. "హెచ్‌ఆర్‌కు తెలుస్తుందా?" మీ రాతపూర్వక అనుమతి లేకుండా తెలియదన్నాను. "మరి మా ఆవిడ ఫోన్ చేస్తే?" ఆవిడకు కూడా మీ అనుమతి ఉంటేనే అన్నాను. అప్పుడు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

సెషన్ రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి, మధ్యలో అవసరమొస్తే ఎలా సంప్రదించాలి, నేను అందుబాటులో లేని వేళ అత్యవసరమైతే ఎవరిని పిలవాలి అన్నవి కాగితం మీద ఇచ్చాను. నా చదువు, శిక్షణ, పానిక్ కేసులతో అనుభవం ఆయన అడగకుండానే చెప్పాను. చాలామంది అడగడం మర్యాద కాదనుకుంటారు. అడగాలి. ఏ పద్ధతిలో పనిచేస్తారు, ఇలాంటి కేసులు చూశారా అని అడిగితే నొచ్చుకునే థెరపిస్ట్ దగ్గర ఉండాల్సిన అవసరం లేదు.

ఇంకో విషయం కూడా ఆ రోజే చెప్పాను. "మొదటి కొన్ని వారాల్లో ఇబ్బంది పెరిగినట్టు అనిపించవచ్చు. నా మీద చిరాకు రావచ్చు, ఇది దండగ అనిపించవచ్చు. అలా అనిపించిన రోజు సెషన్ మానేయకుండా వచ్చి ఆ మాటే నాతో అనండి." ఆయన తలూపారు. ఇలాంటి మాట మొదటి రోజు ఎవరికీ పెద్దగా ఎక్కదు. అవసరం పడినప్పుడు గుర్తొస్తుందని చెప్పి పెడతాను.

చాలామంది అసలు మాట లేచి నిలబడ్డాక చెప్తారు. ఆయనా అంతే. "నాకు పిచ్చి పట్టడం లేదు కదా మేడమ్?" అన్నారు. మళ్ళీ కూర్చోమన్నాను. మానసిక జబ్బులను నిర్ధారించడానికి వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం పానిక్ అటాక్‌కు 13 లక్షణాలు ఇస్తుంది, వాటిలో నాలుగైనా కలిసి రావాలి. "అదుపు తప్పుతానేమో, పిచ్చి పడుతుందేమో" అన్న భయం ఆ 13లో ఒకటి. మీరు భయపడుతున్న విషయమే ఈ జబ్బు లక్షణాల జాబితాలో ఉందని చెప్పాను. ఆ రోజు ఆయనకు అన్నిటికన్నా పనికొచ్చింది బహుశా అదే.

అంచనా

రెండో సెషన్‌లో ఎక్కువ భాగం ప్రశ్నలతోనే గడిచింది. మొదటి అటాక్ ఎప్పుడు, ఎక్కడ, అప్పుడేం చేస్తున్నారు, ఏం తట్టింది, తర్వాత ఏం మానేశారు అన్నవి అడిగాను. నిద్ర, తాగుడు, కాఫీ, గత జబ్బులు, కుటుంబంలో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అన్నదీ అడిగాను. చనిపోవాలన్న ఆలోచనల గురించి కూడా సూటిగా అడిగాను. ఆ ప్రశ్న విని కొందరు కంగారు పడతారు. అడిగినందువల్ల ఎవరికీ కొత్తగా ఆలోచన పుట్టదు, అడిగారని చాలామందికి తేలికవుతుంది. ఆయనకు అలాంటి ఆలోచనలు లేవు. ఉన్నదల్లా చచ్చిపోతానన్న భయం.

పానిక్ తీవ్రతను కొలిచే పీడీఎస్‌ఎస్ స్కేల్‌లో ఏడు ప్రశ్నలుంటాయి, గరిష్ఠ స్కోరు 28, ఎంత ఎక్కువైతే పానిక్ అంత తీవ్రం. ఆయన స్కోరు 17. డిప్రెషన్‌ను చూసే పీహెచ్‌క్యూ-9లో 27కి 11, అంటే మధ్యస్థం. "ఇదేమన్నా పరీక్షా?" అన్నారు. పాస్, ఫెయిల్ లేదు, నెల తర్వాత మళ్ళీ ఇదే నింపితే మన పని ఎటు పోతోందో తెలుస్తుందని చెప్పాను. లెక్కల మనిషి కావడంతో అది ఆయనకు నచ్చింది.

ఆరంభం ఎక్కడన్నది దాచిన రహస్యమేమీ కాదు. ఆఫీసులో పక్క సీటు మనిషి, తన వయసువాడే, గుండెపోటుతో పోయారు. పది రోజులకు ఈయనకు మెట్లెక్కుతుంటే దడ వచ్చింది. మెట్లెక్కితే ఎవరికైనా దడ వస్తుంది. ఆయనకు మాత్రం ఆ దడ "నాకూ అదే" అన్నట్టు వినిపించింది.

ఆ తర్వాత ఏం జరుగుతూ వచ్చిందో బ్రిటిష్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనా బాగా వివరిస్తుంది. ఒంట్లో ఒక చిన్న మార్పును ప్రాణాపాయంగా చదువుకుంటాం. భయం పుడుతుంది. భయంతో అడ్రినలిన్ పెరిగి దడ ఎక్కువవుతుంది, ఊపిరి వేగమవుతుంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిర్లు, తల తేలిపోవడం, ఛాతీ బిగుతు వస్తాయి. వాటిని చూసి "చూశావా, నిజమే" అనుకుంటాం. భయం ఇంకా పెరుగుతుంది. ఇదంతా కొద్ది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది.

మరి దిగిపోయేదైతే నెలల తరబడి ఎందుకు నిలిచింది? ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి చేస్తున్నారు: నాడి పట్టుకుని లెక్కపెట్టడం, నీళ్ళ సీసా వెంట ఉంచుకోవడం, మెట్లు మానేయడం, మీటింగుల్లో తలుపు దగ్గర కూర్చోవడం, జేబులో మాత్ర, భార్య లేకుండా దూరం వెళ్ళకపోవడం. అటాక్ దిగినప్పుడల్లా "ఇవి చేశాను కాబట్టి బతికాను" అన్న పాఠం మిగులుతోంది. ఇవేవీ చేయకపోయినా బతికేవాణ్ణని తెలుసుకునే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. ఈ చిత్రాన్ని కాగితం మీద గీసి ఇద్దరం చూస్తున్నప్పుడు ఆయనే అన్నారు: "అందుకేనా మొన్న తలుపు గడియ పెట్టొద్దన్నాను?"

ఇక్కడ "మీకేం కాదు" అన్న మాట గురించి చెప్పాలి. డాక్టర్లు, భార్య, స్నేహితులు అందరూ అది చెప్పారు. ప్రతిసారీ కొన్ని గంటల ఊరట, మళ్ళీ అదే భయం. ధైర్యం చెప్పించుకోవడం కూడా నాడి పట్టి చూసుకోవడం లాంటిదే అయిపోయింది. థెరపిస్ట్ ఎందుకు ధైర్యం చెప్పడం లేదు, ఎందుకు సలహాలివ్వడం లేదు అని కొత్తగా వచ్చినవాళ్ళకు అనిపిస్తుంది. ఈయన విషయంలో కారణం ఇది. మీ గుండె బాగానే ఉందని నేను ఇంకోసారి చెబితే, రేపు ఆయన ఆధారపడే జాబితాలో నేనూ చేరతాను. ఆ మాట ఆయనకూ చెప్పాను.

బయటి నుంచి ఒక ఫోన్

మూడో సెషన్‌కు ముందు ఆయన భార్య ఫోన్ చేశారు. "ఎలా ఉన్నారండి ఆయన? అన్నీ చెప్తున్నారా? మీరు గట్టిగా చెప్పండి, నా మాట వినరు." ఆవిడ ఆందోళనలో తప్పేమీ లేదు, నెలలుగా రాత్రిళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఆవిడే. ఆయన నా దగ్గరికి వస్తున్నారో లేదో కూడా నేను చెప్పలేననీ, ఆయన కోరితే ఒక సెషన్‌కు ఆవిడ కూడా రావచ్చనీ చెప్పాను. ఫోన్ వచ్చిన సంగతి తర్వాత ఆయనకు చెప్పాను. ఇలాంటివి దాచిపెడితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి, అప్పటిదాకా కట్టుకున్న నమ్మకం పోతుంది.

"మానేద్దామనుకుంటున్నాను"

మూడో సెషన్‌కు పావుగంట ఆలస్యంగా వచ్చారు. రోజూ అటాక్‌లు నోట్ చేయమని ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టి, "ముందుకన్నా ఎక్కువయ్యాయి మేడమ్. మానేద్దామనుకుంటున్నాను. మొదటి రోజు మీరే చెప్పమన్నారు కదా, చెప్తున్నాను" అన్నారు.

థెరపీ తొలి వారాల్లో ఇంతకు మించిన ఘట్టం లేదు. పరిశోధకులు జాషువా స్విఫ్ట్, రోజర్ గ్రీన్‌బర్గ్ 2012లో 669 అధ్యయనాలను కలిపి చూస్తే, సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు థెరపీని ముందే వదిలేస్తున్నారని తేలింది. వాళ్ళలో ఎంతమంది ఇలా ముఖం మీద చెప్పి వెళ్తారు? నేను చూసినంతలో చాలా కొద్దిమందే. ఎక్కువమంది "ఈ వారం పనుంది" అని మెసేజ్ పెట్టి మాయమవుతారు. కాబట్టి ఆయన ఈ మాట చెప్పడానికి రావడమే పెద్ద పని. అదే ఆయనతో అన్నాను. ఉండిపొమ్మని బతిమాలలేదు. "ఏం జరిగిందో చూద్దాం. చూశాక కూడా మానేయాలనిపిస్తే, మీకు సరిపడే ఇంకొకరిని వెతకడంలో నేనే సాయం చేస్తాను."

కాగితం చూశాం. అటాక్‌లు నిజంగా పెరిగాయా? అంతకుముందు ఆయన లెక్కపెట్టింది ఎమర్జెన్సీకి వెళ్ళాల్సి వచ్చినవాటినే. ఇప్పుడు అరనిమిషం దడను కూడా రాశారు. రాయడం మొదలుపెడితే సంఖ్య పెరగడం మామూలే. అయితే అంతటితో వదిలేయలేదు. గమనించమన్నందువల్ల ఆయన ధ్యాస ఒంటి మీదికి ఎక్కువగా పోయి ఉండొచ్చు, దానివల్ల నిజంగానే కొన్ని పెరిగి ఉండొచ్చు. మూడో అవకాశం కూడా చెప్పాను: ఈ థెరపీ లేదా ఈ థెరపిస్ట్ మీకు కుదరకపోవడం. కొద్దిమందికి థెరపీలో పరిస్థితి దిగజారడం కూడా ఉంది. అది జరుగుతోందేమో తెలుసుకోవడానికే స్కోర్లు పెట్టుకున్నాం.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. థెరపీలో నిశ్శబ్దాన్ని చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు. ఏదో ఒకటి మాట్లాడాలేమో, థెరపిస్ట్ తనను పరీక్షిస్తున్నారేమో అనుకుంటారు. ఆలోచించుకోవడానికి వదిలిన సమయమే అది. చివరికి అన్నారు: "నేను చెప్తూ ఉంటాను, మీరు రాసుకుంటూ ఉంటారు. ఏం రాస్తున్నారో తెలియదు. ఇంటికి వెళ్ళాక ఇవాళ ఏం చేశామని మా ఆవిడ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు."

మానేయాలనిపించడానికి అటాక్‌ల సంఖ్య కన్నా ఇదే పెద్ద కారణమని నా అంచనా. థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య పొత్తు మూడు విషయాల మీద నిలబడుతుందని అమెరికన్ సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో రాశారు: ఎక్కడికి వెళ్ళాలన్న దానిపై ఒప్పందం, దానికోసం ఏం చేయాలన్న దానిపై ఒప్పందం, ఒకరిపై ఒకరికి నమ్మకం. ఆయనకు నా మీద అపనమ్మకం లేదు, లేకపోతే ఈ మాట చెప్పేవారే కాదు. గమ్యంపై తేడా లేదు. తేడా వచ్చింది రెండోదాని దగ్గర. జరుగుతున్న పని ఆయనకు పనిలా కనిపించడం లేదు. ఇలాంటప్పుడు సానుభూతి ఎంత చూపినా ప్రయోజనం ఉండదు, పని కనిపించేలా చేయాలి.

నోట్స్ ఆయన వైపు తిప్పి చూపించాను. అప్పటి నుంచి కాగితం ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉండేది. సెషన్ మొదట ఇవాళ ఏం చేద్దామని ఇద్దరం రాసేవాళ్ళం, చివర్లో ఏం తేలిందో ఆయన తన మాటల్లో ఒక లైను రాసుకుని తీసుకెళ్ళేవారు. రోజంతా రాయడం ఆపి, సాయంత్రం ఒక్కసారే రాయాలని మార్చుకున్నాం. నాలుగో సెషన్‌కు వస్తారా అని అడిగితే, "సమీక్ష ఉందన్నారుగా, అప్పటిదాకా చూస్తాను" అన్నారు.

ఊపిరి ప్రయోగం

నాలుగో సెషన్‌లో, గుండె డాక్టర్ నుంచి అభ్యంతరం లేదని నిర్ధారించుకుని, ఆస్తమా, మూర్ఛ లాంటివి లేవని మళ్ళీ అడిగి, ఒక ప్రయోగం పెట్టాం. ఒక నిమిషం పాటు ఇద్దరం వేగంగా, లోతుగా ఊపిరి తీయాలి. ముందు ఆయన తన ఊహ రాశారు: "స్పృహ తప్పి పడిపోతాను, 90 శాతం ఖాయం." ఇది ఇంట్లో ఒంటరిగా చేసి చూడాల్సింది కాదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళకు, గర్భిణులకు అసలే కాదు.

సగంలోనే ఆయన ముఖం మారిపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, తల తేలిపోయింది, చెయ్యి నాడి మీదికి వెళ్ళబోయింది. "వెళ్ళనివ్వకండి, అలాగే ఉండి చూడండి" అన్నాను. నిమిషం అయ్యాక మామూలుగా ఊపిరి పీలుస్తూ కూర్చున్నాం. పడిపోలేదు. లక్షణాలు కాసేపటికి వాటంతట అవే తగ్గాయి. మాత్ర లేదు, నీళ్ళు లేవు, తలుపు మూసే ఉంది.

"సరిగ్గా ఇదే వస్తుంది నాకు. అంటే ఇది నేనే తెప్పించుకోగలనా?" అన్నారు. స్పృహ తప్పాలంటే రక్తపోటు పడిపోవాలి, పానిక్‌లో అది మామూలుగా పెరుగుతుంది, అందుకే పడిపోతానేమోనని ఎంత భయమేసినా పడిపోవడం చాలా అరుదని అప్పుడు చెప్పాను. ఇదే మాట మొదటి సెషన్‌లో చెప్పి ఉంటే ఇంకో ఓదార్పుగా మిగిలేది. ఆ రోజు చివర ఆయన రాసుకున్న లైను: "తిమ్మిరి ఊపిరి వల్ల. గుండె వల్ల కాదు."

సమీక్షలో పీడీఎస్‌ఎస్ 17 నుంచి 14కి వచ్చింది. పెద్ద తేడా కాదు. అయినా కొనసాగిద్దామన్నది ఆయనే.

తర్వాతి సెషన్లు

మిగతా పనిని క్లుప్తంగా చెప్తాను, సీబీటీ తెలిసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. తప్పించుకుంటున్నవాటిని సులువైన వాటి నుంచి కష్టమైన వాటి దాకా వరుసగా రాసుకున్నాం. ముందు మెట్లు, తర్వాత నీళ్ళ సీసా లేకుండా లిఫ్ట్, మీటింగులో లోపలి వరుస కుర్చీ, ఒంటరిగా బస్సు ప్రయాణం. ప్రతిదానికీ ముందు ఊహ, తర్వాత ఫలితం. రెండు వారాలు హోంవర్క్ చేయలేదు. ఎందుకు చేయలేదని నిలదీయకుండా, ఎక్కడ ఆగిందని చూస్తే ఆ మెట్టు మరీ పెద్దదని తెలిసింది. దాన్ని రెండుగా విడగొట్టాం.

మాత్ర సంగతి జాగ్రత్తగా నడిచింది. బెంజోడయాజెపైన్లు రోజూ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, మందుల మార్పు చెప్పాల్సింది సైకాలజిస్ట్ కాదు. ఆయన వాడింది అరుదుగానే, అసలు సమస్య జేబులో ఉందన్న భరోసా. డాక్టర్‌తో మాట్లాడి, ఆయన అనుమతితో మాత్రను ముందు బ్యాగులోకి, తర్వాత ఇంటి అల్మారాలోకి మార్చారు.

ఒక సెషన్‌కు భార్యను ఆయనే తీసుకొచ్చారు. అటాక్ వచ్చినప్పుడు "ఏం కాదు, ఏం కాదు" అనడానికి బదులు "ఇది ఎంతసేపట్లో దిగుతుందో చూద్దాం" అనమని ఆవిడకు చెప్పాను. "నేను ఏం చేసినా తప్పేనేమో అనుకున్నానండి ఇన్నాళ్ళూ" అన్నారావిడ. ఇంట్లోవాళ్ళ అలసటను ఎవరూ అడగరు, ఆ సెషన్‌లో సగం సమయం ఆవిడకే ఇచ్చాం.

చనిపోయిన సహోద్యోగి గురించి ఎనిమిదో సెషన్ తర్వాత ఆయనే మొదలుపెట్టారు. ఆ రోజు పక్కనే ఉండి కూడా మొదట ఎసిడిటీ అనుకుని తేలిగ్గా తీసుకున్నారట. ఎవరితోనూ అనలేదు. మొదటి రోజు "మనసులో బాధేమీ లేదు" అన్నది అబద్ధం కాదు, అప్పటికి ఒంటి భయం అంత స్థలాన్ని ఆక్రమించేసింది. అది తగ్గాక దీనికి చోటు దొరికింది. నేను తొందరపడి మొదటే అడిగి ఉంటే గతాన్ని తవ్వుతారన్న ఆయన భయమే నిజమయ్యేది.

పదో వారంలో ఆఫీసు మీటింగు మధ్యలో పెద్ద అటాక్ వచ్చింది. "మళ్ళీ మొదటికొచ్చింది" అంటూ వచ్చారు. అప్పుడేం చేశారని అడిగాను. లేచి బయటికి వెళ్ళలేదు, తగ్గేదాకా కూర్చున్నారు, తర్వాత తన వంతు లెక్కలు చెప్పారు. అటాక్ వచ్చిందన్నది మాత్రమే ఆయనకు గుర్తుంది, మిగతాది నేను అడిగితే గానీ లెక్కలోకి రాలేదు.

ఫలితం

అనుకున్న 12కు మరో రెండు సెషన్లు కలిపి ముగించాం. చివరికి పీడీఎస్‌ఎస్ 5, పీహెచ్‌క్యూ-9 స్కోరు 4. మూడు నెలల తర్వాత చూసినప్పుడు అప్పుడప్పుడు చిన్న అటాక్‌లు ఉన్నాయి, ఎమర్జెన్సీకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఏటా ఒకసారి గుండె పరీక్ష చేయించుకుంటానన్నారు. ఆయన వయసుకు డాక్టర్ సూచించినంత వరకైతే అది సబబే. భయమేసిన ప్రతిసారీ ఈసీజీకి వెళ్ళకపోతే చాలన్నాను.

విమాన ప్రయాణం మిగిలిపోయింది. ఇప్పట్లో అవసరం లేదు, వచ్చినప్పుడు చూస్తానన్నారు. అది తప్పించుకోవడమే కదా అని ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆయనా అవునన్నారు, అయినా ఇప్పుడు వద్దన్నారు. ఏది ఎప్పుడు చేయాలో నిర్ణయించుకోవాల్సింది ఆయనే. అవసరమైతే రెండు మూడు సెషన్ల కోసం నేరుగా ఫోన్ చేయవచ్చని, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదని రాసి ఫైలు మూశాను.